చివర్లో తగ్గిన ఐదు పాయింట్లు: ఒక ఫేస్ హంటర్ కేస్ స్టడీ

డిజిటల్ కార్డ్ గేమ్‌లు ఆడేవారికి నేను శిక్షణ ఇస్తాను. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది హార్త్‌స్టోన్ ఆటగాళ్లు, వారిలోనూ ఎక్కువమంది దూకుడు డెక్‌తో, అంటే ఎదుటివారిని త్వరగా ఓడించేందుకు కూర్చిన కార్డుల కట్టతో మొదలుపెట్టినవాళ్లు. తక్కువ ఖర్చుతో తయారవుతుంది, ఆటలు త్వరగా ముగుస్తాయి, ఫోన్‌లో బస్సు ప్రయాణంలోనూ ఆడుకోవచ్చు. అందుకే అది తేలికైన డెక్ అన్న అభిప్రాయం బలపడింది. ఆ అభిప్రాయం ఎంత నష్టం చేస్తుందో చూపించే కేసు కాబట్టి దీన్ని రాస్తున్నాను. ఆటగాడి అనుమతి తీసుకున్నాను. అతని పేరు, ఊరు, ఖాతా వివరాలు ఇవ్వడం లేదు.

నేపథ్యం

ఆటగాడు ఉద్యోగం చేసుకుంటున్న యువకుడు. రాత్రిపూట గంట, గంటన్నర ఆడతాడు. ఈ కేసు క్లాసిక్ ఫార్మాట్‌కు సంబంధించినది. బ్లిజార్డ్ సంస్థ 2021 మార్చిలో ప్రవేశపెట్టిన ఈ ఫార్మాట్‌లో కార్డులన్నీ 2014 జూన్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండేవి. ఆ ఫార్మాట్‌ను తరువాత తొలగించారు. కార్డులు మారని చోట ఆటగాడి నిర్ణయాలను విడదీసి చూడటం సులభం కనుక శిక్షణకు నాకు అది బాగా పనికొచ్చింది.

ఈ ఆట తెలియనివారికి నాలుగు మాటలు చెప్పాలి. డెక్‌లో 30 కార్డులుంటాయి, ఒకే కార్డు రెండుకు మించకూడదు, లెజెండరీ అనే అరుదైన కార్డు అయితే ఒక్కటే. ఇద్దరు ఆటగాళ్ల తరఫున నిలిచే హీరోలకూ 30 హెల్త్, అది సున్నాకు చేరితే ఓటమి. కార్డులు ఆడటానికి ఖర్చయ్యే మానా మొదటి టర్న్‌లో 1, రెండో టర్న్‌లో 2, అలా 10 దాకా పెరుగుతుంది. హంటర్ అనే హీరోకు కార్డు అవసరం లేకుండా ఉండే శక్తి, అంటే హీరో పవర్, 2 మానాకు ఎదుటి హీరోపై 2 పాయింట్ల డ్యామేజ్ చేస్తుంది. ఎదుటివారి మినియన్లను (బోర్డు మీద దించే ప్రాణులను) పెద్దగా పట్టించుకోకుండా నేరుగా హీరోపై దాడి చేసే హంటర్ డెక్‌ను ఆటగాళ్లు ఫేస్ హంటర్ అంటారు.

ముందుకొచ్చిన సమస్య

అతను మొదటిసారి మాట్లాడినప్పుడు చెప్పింది ఇది: "అన్నా, నేను ఫేస్ కొడుతూనే ఉన్నాను. అవతలివాడు నాలుగైదు పాయింట్ల దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాడు. ఆ తరువాత నా చేతిలో ఏమీ ఉండడం లేదు." ర్యాంకుల నిచ్చెనలో ప్లాటినం మెట్టు దగ్గర చాలాకాలంగా ఇరుక్కుని ఉన్నాడు.

దూకుడు డెక్ ఆడేవారిలో ఇది అతి సాధారణమైన ఫిర్యాదు. చివర్లో కార్డులు అయిపోయాయి కాబట్టి చివర్లో పనికొచ్చే కార్డులు కలపాలని దాన్ని విన్న ఎవరికైనా అనిపిస్తుంది. అతనికీ అలాగే అనిపించింది, నన్ను కలవడానికి ముందే ఆ పని చేసి ఉన్నాడు.

నా దగ్గరికి రాకముందు ప్రయత్నించినవి

మొదట అతను డెక్‌లోకి రెండు సవానా హైమేన్‌లు, రెండు హౌండ్‌మాస్టర్‌లు తెచ్చాడు. హైమేన్ ధర 6 మానా. 6 అటాక్, 5 హెల్త్, చనిపోతే రెండు చిన్న హైనాలను వదిలిపోతుంది. కార్డుగా మంచిదే. వాటికి చోటు కోసం 1 మానా మినియన్లను తగ్గించాడు, చివరికి అవి నాలుగే మిగిలాయి. ఫలితం మరింత దిగజారింది. ఆటలు పొడవయ్యాయి, ఓటములు మాత్రం తగ్గలేదు.

ఆ తరువాత ఎవరో చెప్పిన సూత్రం పట్టుకుని బరువైన కార్డులన్నీ తీసేసి, ఏ పరిస్థితిలోనూ ట్రేడ్ చేయకూడదని, అంటే తన మినియన్‌తో ఎదుటి మినియన్‌ను కొట్టకూడదని నియమం పెట్టుకున్నాడు. ఈ మార్పు కొంత పనిచేసింది. నెమ్మదిగా ఆడే డెక్‌ల మీద గెలుపులు పెరిగాయి. కానీ తనలాగే చిన్న మినియన్లతో బోర్డు నింపే జూ వార్లాక్ ఎదురైతే దాదాపు ప్రతిసారీ ఓడిపోయేవాడు. అప్పుడే నన్ను కలిశాడు.

రికార్డింగ్‌లలో కనబడినది

ఓడిపోయిన ఆటల రికార్డింగ్‌లు పంపమన్నాను. వాటిని చివరి నుంచి కాక మొదటి నుంచి చూశాను. మొదటి మూడు టర్న్‌లలో ఆటగాడికి దొరికే మానా మొత్తం 6. చాలా ఆటల్లో అందులో సగానికి పైగా ఖర్చు కాకుండానే పోయింది. మొదటి టర్న్ ఖాళీ. రెండో టర్న్‌లో నైఫ్ జగ్లర్ అనే మినియన్ చేతిలో ఉన్నా, "రెండు పాయింట్లు ఖాయం కదా" అని హీరో పవర్ వాడేవాడు. మొదటి చేతిలో కిల్ కమాండ్ వస్తే, ఆట ముగించే కార్డు అని దాన్ని అట్టిపెట్టుకుని మలిగన్‌లో, అంటే ఆట మొదట్లో వద్దనుకున్న కార్డులను మార్చుకునే దశలో, వదిలేవాడు కాదు.

అతనికి చివర్లో తక్కువైన ఐదు పాయింట్లు మొదటి మూడు టర్న్‌లలోనే పోయాయని అప్పుడు తేలింది. దీన్ని మాటలతో చెబితే సరిపోదు, లెక్కతో చూపించాలి. ఆరో టర్న్‌లో ఆట ముగించాలనుకుందాం. మొదట ఆడేవారు మూడు కార్డులతో మొదలుపెట్టి టర్న్‌కు ఒకటి తీస్తారు కాబట్టి అప్పటికి మొత్తం 9 కార్డులు చూస్తారు. మధ్యలో రెండుసార్లు హీరో పవర్ వాడితే 4 పాయింట్లు. మిగిలిన 26 పాయింట్లు ఆ 9 కార్డుల నుంచే రావాలి. అంటే ఒక్కో కార్డు సుమారు 3 పాయింట్లు చేయాలి. ఆరో టర్న్ వరకూ చేతిలో నిద్రపోయే హైమేన్ చేసేది సున్నా. దాని వాటా మిగతా ఎనిమిది కార్డుల మీద పడుతుంది.

ఇదే లెక్కలో లెపర్ నోమ్‌ను చూడండి. 1 మానా, 2 అటాక్, 1 హెల్త్, చనిపోతే ఎదుటి హీరోకు 2 డ్యామేజ్. మొదటి టర్న్‌లో దించితే రెండో, మూడో టర్న్‌లలో రెండు దెబ్బలు కొట్టి చనిపోయినా మొత్తం 6 పాయింట్లు. ఐదో టర్న్‌లో దించితే ఒక్క దెబ్బ కూడా కొట్టకుండానే చస్తుంది, 2 పాయింట్లు. కార్డు అదే, అదను దాటాక చల్లిన విత్తనంలా అయిపోయింది. ఈ ఉదాహరణ దగ్గరే అతని ముఖంలో తేడా కనిపించింది. చివర్లో బలం కోసం వెతకడం మానేసి, మొదట్లో ఏం పోగొట్టుకుంటున్నాడో వెతకడం అప్పటి నుంచి మొదలైంది.

డెక్ కూర్పు

మొదటి టర్న్‌లో ఆడగలిగే మినియన్లు ఎన్ని ఉండాలి? దీనికి అభిరుచితో కాక సంభావ్యతతో జవాబు వెతికాం. మొదట ఆడేటప్పుడు, చేతిలో 1 మానా మినియన్ లేకపోతే మూడు కార్డులూ మార్చేస్తామనుకుందాం. మార్చిన కార్డులు వెంటనే తిరిగి రావు కనుక మలిగన్‌తో కలిపి ఆరు వేర్వేరు కార్డులు చూస్తాం, ఆ పైన టర్న్ మొదట్లో ఒకటి తీస్తాం. డెక్‌లో అలాంటి మినియన్లు 4 ఉంటే మొదటి టర్న్‌కు ఒకటైనా దొరికే అవకాశం 67 శాతం. 6 ఉంటే 82 శాతం. 8 ఉంటే 91 శాతం. నాలుగు మినియన్లతో ఆడుతున్నంత కాలం అతను ప్రతి మూడు ఆటల్లో ఒకదానిని ఒక టర్న్ వెనకబడి మొదలుపెట్టేవాడు.

ఎనిమిదికి పెంచాలని నిర్ణయించాం. 1 మానా కార్డులన్నీ మొదటి టర్న్ కార్డులు కావు, ఇది చాలామంది గమనించరు. టింబర్ వుల్ఫ్ ఇతర బీస్ట్‌లకు (జంతు రకం మినియన్లకు) 1 అటాక్ పెంచుతుంది. ఒంటరిగా దిగితే 1 అటాక్, 1 హెల్త్ ఉన్న మామూలు ప్రాణి. అది ఒకేసారి చాలా బీస్ట్‌లను దించగల అన్‌లీష్ ద హౌండ్స్‌తో కలిపి ఆడవలసిన కార్డు, అందుకే ఈ ఎనిమిదిలో లెక్కించలేదు. లెపర్ నోమ్, వర్గన్ ఇన్‌ఫిల్ట్రేటర్, ఆర్జెంట్ స్క్వైర్, అబ్యూసివ్ సార్జెంట్ రెండేసి పెట్టుకున్నాం. సార్జెంట్ విషయంలో అతనికి అభ్యంతరం ఉండేది. మరో మినియన్‌కు ఆ టర్న్‌కు 2 అటాక్ ఇచ్చే శక్తిని మొదటి టర్న్‌లో వృథా చేయడమెందుకని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వేరే 1 మానా మినియన్ ఉంటే సార్జెంట్‌ను దాచుకోవాలి. లేనప్పుడు 2 అటాక్ ఉన్న సార్జెంట్‌ను మొదటి టర్న్‌లోనే దించితే రెండు దెబ్బలకు 4 పాయింట్లు వస్తాయి, దాచిన శక్తి ఇచ్చేది రెండే.

హైమేన్‌లు, హౌండ్‌మాస్టర్‌లు పోయాయి. 4 మానా ధర ఉన్న కార్డు లీరాయ్ జెంకిన్స్ ఒక్కటే మిగిలింది. 3 మానా దగ్గర ఈగిల్‌హార్న్ బో, కిల్ కమాండ్, అన్‌లీష్ ద హౌండ్స్, యానిమల్ కంపానియన్, వుల్ఫ్‌రైడర్, ఆర్కేన్ గోలెమ్ ఉండటంతో అక్కడ రద్దీ ఎక్కువైంది. గోలెమ్ 4 పాయింట్లతో వచ్చిన వెంటనే దాడి చేస్తుంది కానీ ఎదుటివారికి ఒక మానా క్రిస్టల్ కానుకగా ఇస్తుంది. కాబట్టి ఆట ముగిసే టర్న్‌లోనో దాని ముందరి టర్న్‌లోనో తప్ప దాన్ని దించకూడదని అనుకున్నాం. ఒక గోలెమ్‌ను తీసి ఆ చోట మరేదైనా పెట్టాలా అని చాలాసార్లు చర్చించుకున్నాం, చివరికి రెండూ ఉంచాం.

మలిగన్ నియమం కూడా మారింది. 1, 2 మానా మినియన్లు తప్ప మిగతావి వెనక్కి. కిల్ కమాండ్ కూడా వెనక్కి. అది ఐదో టర్న్‌కు వచ్చినా అంతే డ్యామేజ్ చేస్తుంది. నోమ్‌కు ఆ సౌకర్యం లేదు. ఆలస్యమైతే విలువ తగ్గే కార్డులను ముందుగా వెతుక్కోవాలి, తగ్గనివి వచ్చినప్పుడు వస్తాయి. రెండో టర్న్‌లో హీరో పవర్ కంటే మినియన్‌కు ప్రాధాన్యం ఇవ్వడానికీ కారణం ఇదే. హీరో పవర్ ఏ టర్న్‌లోనైనా 2 పాయింట్లే, 3 అటాక్ ఉన్న జగ్లర్ మాత్రం ఎంత ముందు దిగితే అన్ని దెబ్బలు ఎక్కువ కొడుతుంది.

ట్రేడ్ ధర

కొత్త డెక్‌తో ఆటలు వేగంగా ముగిశాయి, కానీ జూ వార్లాక్ మీద ఓటములు అలాగే ఉన్నాయి. ఇక్కడ డెక్ బాగానే ఉంది, అతను పట్టుకున్న నియమమే అడ్డుపడింది.

ఎదుటివాడి బోర్డు మీద ఫ్లేమ్ ఇంప్ ఉంది, 3 అటాక్, 2 హెల్త్. మన దగ్గర లెపర్ నోమ్ ఉంది. హీరోను కొడితే ఇప్పుడు 2, నోమ్ చచ్చినప్పుడు మరో 2, మొత్తం 4 పాయింట్లు. ఇంప్‌ను కొడితే రెండూ చస్తాయి, నోమ్ చావు వల్ల 2 పాయింట్లు వస్తాయి. అంటే ఈ ట్రేడ్ ధర 2 పాయింట్లు. దానికి బదులుగా టర్న్‌కు 3 పాయింట్లు కొట్టే ఇంప్ తొలగిపోతుంది. అంతేకాక ఆ ఇంప్‌ను దించడానికి వార్లాక్ తన హెల్త్‌లో 3 పాయింట్లు ముందే చెల్లించాడు, ఆ చెల్లింపు అతనికి దండగ అవుతుంది. ఆట ఇంకా మూడు టర్న్‌లు సాగేట్టు ఉంటే 2 పాయింట్లకు 9 పాయింట్లు ఆదా. ఈ ట్రేడ్ చేయకపోతే మనం పందెంలో వెనకబడతాం.

ఇప్పుడు రక్షణ మీద ఆధారపడి నెమ్మదిగా ఆడే కంట్రోల్ వారియర్ డెక్ దించే అకొలైట్ ఆఫ్ పెయిన్‌ను చూడండి. 1 అటాక్, 3 హెల్త్, డ్యామేజ్ తగిలిన ప్రతిసారీ యజమానికి ఒక కార్డు ఇస్తుంది. దాన్ని చంపడానికి 2 అటాక్ మినియన్ల దెబ్బలు రెండు కావాలి, అంటే హీరో మీద పడవలసిన 4 పాయింట్లు పోతాయి. తిరిగొచ్చేది టర్న్‌కు 1 పాయింటు ఆదా, పైగా శత్రువు చేతికి రెండు కార్డులు. దాన్ని తాకనే కూడదు.

ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి అతనితో "ట్రేడ్ చేయాలా వద్దా అని అడక్కు, ఈ ట్రేడ్ ధర ఎంత, రాబడి ఎంత అని అడుగు" అన్నాను. ప్రతి టర్న్‌కూ రెండు అంకెలు కాగితం మీద రాయమన్నాను: ఎదుటి హీరో ఎన్ని టర్న్‌లలో చస్తాడు, మనం ఎన్ని టర్న్‌లు బతుకుతాం. ఈ పద్ధతి మొదట్లో బెడిసికొట్టింది. టర్న్‌కు ఉండే 75 సెకన్లలో రాస్తూ కూర్చోవడంతో సమయం అయిపోతోందని తెరపై కాలే తాడు కాలిపోయి దాడులు పూర్తికాకుండానే టర్న్ ముగిసిపోయేది. అందువల్ల లెక్కను ఎదుటివారి టర్న్‌లోకి మార్చాం. వాళ్లు ఆలోచిస్తున్నప్పుడే మన అంకెలు సిద్ధం చేసుకుని, మన టర్న్‌లో వాళ్లు చేసిన మార్పును మాత్రం సరిదిద్దుకోవడం. కొన్ని వారాలకు కాగితం అవసరం లేకుండా పోయింది.

ఆ అంకెలతోపాటు మూడోది ఒకటి చేరింది: ఎదుటివారు బోర్డు మొత్తాన్ని తుడిచేసే కార్డు ఏ టర్న్‌లో ఆడగలరు? పాలడిన్‌కు కాన్సిక్రేషన్, వార్లాక్‌కు హెల్‌ఫైర్, డ్రూయిడ్‌కు స్వైప్, ఇవన్నీ 4 మానా. ప్రీస్ట్‌కు హోలీ నోవా 5, మేజ్‌కు ఫ్లేమ్‌స్ట్రైక్ 7. కాబట్టి పాలడిన్ మీద మూడో టర్న్ ముగిసేసరికి బోర్డు మీద మూడు చిన్న మినియన్లు చాలు. నాలుగోదాన్ని చేతిలోనే ఉంచి, తుడిచివేత జరిగాక దించాలి. వుల్ఫ్‌రైడర్ లాంటి ఛార్జ్ మినియన్లు (దిగిన వెంటనే దాడి చేయగలవి) ఇలా దాచుకోవడానికి సరైనవి, ఎందుకంటే ఆలస్యం వల్ల వాటి విలువ తగ్గదు. యానిమల్ కంపానియన్ నుంచి మూడు జంతువుల్లో ఏది వస్తుందో తెలియదు కాబట్టి, హఫర్ వచ్చి 4 పాయింట్లు కొడుతుందన్న ఆశతో ఆట ముగింపును లెక్కించకూడదని కూడా అనుకున్నాం.

దెబ్బ ఆపవలసిన చోటు

జూ సమస్య తీరాక హ్యాండ్‌లాక్ మిగిలింది. చేతినిండా కార్డులు ఉంచుకుని పెద్ద జెయింట్‌లను దించే వార్లాక్ డెక్ అది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే దూకుడు డెక్ కావాలని దెబ్బ ఆపవలసిన సందర్భం ఇక్కడ వస్తుంది.

ఆ డెక్‌లోని మోల్టెన్ జెయింట్ ధర 20 మానా. కానీ తన హీరోకు తగిలిన ఒక్కో పాయింటుకు ఒక్కో మానా తగ్గుతుంది. 8 అటాక్, 8 హెల్త్. ఒక ఆటలో మన ఆటగాడు ఐదో టర్న్‌కే వార్లాక్‌ను 12 హెల్త్‌కు తెచ్చాడు. అద్భుతంగా ఆడానని అనుకున్నాడు. 18 పాయింట్లు పోయాయి కనుక జెయింట్ ధర 2 మానాకు పడిపోయింది. ఆరో టర్న్‌లో వార్లాక్ రెండు జెయింట్‌లను 4 మానాకు దించి, మరో 2 మానాతో వాటి మధ్య సన్‌ఫ్యూరీ ప్రొటెక్టర్‌ను పెట్టి రెండింటికీ టాంట్ ఇచ్చాడు, అంటే వాటిని దాటి హీరోను కొట్టలేం. ఆట అక్కడితో అయిపోయింది.

అదే వార్లాక్ 16 హెల్త్ దగ్గర ఉంటే ఒక్కో జెయింట్ ధర 6 మానా. రెండూ ఒకే టర్న్‌లో దించాలంటే 12 కావాలి, ఆటలో గరిష్ఠం 10. కాబట్టి 16 దగ్గర ఆగి, అక్కడి నుంచి ఒకే టర్న్‌లో ముగించగలమా అని చూడాలి. ఎనిమిదో టర్న్‌లో లీరాయ్‌కు 4 మానా, 6 పాయింట్లు. సార్జెంట్‌కు 1 మానా, లీరాయ్‌కు మరో 2. బోర్డు మీద బీస్ట్ ఉంటే కిల్ కమాండ్ 3 మానాకు 5 పాయింట్లు. ముందే ధరించిన ఈగిల్‌హార్న్ బో దెబ్బ 3. సరిగ్గా 8 మానా, సరిగ్గా 16 పాయింట్లు. దారిలో టాంట్ ఉంటే ఐరన్‌బీక్ ఔల్‌తో సైలెన్స్ చేయడానికి, అంటే ఆ శక్తిని తీసేయడానికి, మరో 2 మానా, అంటే పదో టర్న్ దాకా ఆగాలి.

ఆగడానికీ ధర ఉంది. నాలుగో టర్న్‌లో వచ్చే మౌంటెన్ జెయింట్ టర్న్‌కు 8 పాయింట్ల చొప్పున మనల్ని కొడుతుంది. మరోవైపు వార్లాక్ తన హీరో పవర్ లైఫ్ ట్యాప్ వాడిన ప్రతిసారీ తన హెల్త్ తానే 2 తగ్గించుకుంటాడు, మనం కొట్టకపోయినా అతను 16 కిందికి జారవచ్చు. అందుకే మొదటి నాలుగు టర్న్‌లలో హీరో పవర్‌ను వదిలేసి మానాను మినియన్ల మీద పెట్టడం, ముగింపుకు కావలసిన కార్డుల్లో రెండైనా చేతికి రాకముందు 16 దాటి కొట్టకపోవడం అన్న పద్ధతికి వచ్చాం. ఇది పక్కా విజయసూత్రం కాదు. కానీ ఇంతకుముందు గెలుపు ఊసే లేని చోట పోటీ మొదలైంది.

ఫలితం, మిగిలిన లెక్క

మరికొన్ని సీజన్లకు అతను ప్లాటినం పైమెట్టైన డైమండ్‌లో 5వ ర్యాంకుకు చేరాడు. ర్యాంకు కన్నా నేను పట్టించుకున్నది అతని ఓటముల స్వరూపం. ఎదుటివారు నాలుగైదు పాయింట్ల దగ్గర నిలిచిపోయే ఆటలు అరుదయ్యాయి. ఓడినప్పుడు ఏ టర్న్‌లో ఓడాడో తనే చెప్పగలుగుతున్నాడు, ఆ టర్న్ చాలాసార్లు మొదటి నాలుగింటిలోనే ఉంటోంది.

ఈ కేసు నుంచి నేను మిగతా శిక్షణలోకి తీసుకెళ్లినది కార్డుకు ఇన్ని పాయింట్లు అన్న లెక్క. డెక్ ఏదైనా, ఫార్మాట్ ఏదైనా ముందు ఆ భాగహారం చేయిస్తున్నాను. 2022లో ప్రిన్స్ రెనథాల్ కార్డు వచ్చి ఎదుటివారి హెల్త్ 40 అయినప్పుడు అదే ఆరో టర్న్ లెక్క ప్రకారం కార్డుకు 4 పాయింట్లు కావాల్సి వచ్చింది. అలాంటప్పుడు కార్డులకు విడివిడిగా బలం పెంచడం కన్నా ఆట ఏడో టర్న్‌లో ముగిసేలా పథకం మార్చడమే మేలని, అదనపు టర్న్‌లో తీసే కార్డునూ హీరో పవర్‌నూ లెక్కలోకి తీసుకుంటే ఆటగాళ్లకు తేలిగ్గా అర్థమైంది.

కంట్రోల్ వారియర్ మీద మాత్రం తృప్తికరమైన జవాబు దొరకలేదు. వారియర్ హీరో పవర్ 2 మానాకు 2 ఆర్మర్ (హెల్త్ కన్నా ముందు తగ్గే కవచం) ఇస్తుంది, మన హీరో పవర్ 2 మానాకు 2 డ్యామేజ్ చేస్తుంది. ఒకదాన్ని ఒకటి పూర్తిగా కొట్టేస్తాయి కనుక ఆట ఎంత సాగితే మన 9 కార్డుల లెక్క అంత తప్పుతుంది. షీల్డ్ బ్లాక్ కార్డు ఒక్కటి పడితే మరో 5 పాయింట్లు పెరుగుతాయి. ఆర్మర్ పెంచే మినియన్ ఆర్మర్‌స్మిత్ దిగిన వెంటనే దాన్ని ఔల్‌తో సైలెన్స్ చేయాలా, లేక ఔల్‌ను పెద్ద టాంట్ కోసం దాచాలా అన్న ప్రశ్నకు రికార్డింగ్‌లలో రెండు వైపులా సాక్ష్యం ఉంది. ఫార్మాట్ తొలగించే నాటికి మేం ఔల్‌ను ముందే వాడే వైపు మొగ్గాం. ఐదో టర్న్ లోపు ఆర్మర్ పెరగకపోతేనే ఆ ఆటలో మనకు అవకాశం ఉంటుందన్నది దానికి మా కారణం.